పని చేయించడం నేర్చుకుందాం – 3వ పాఠం: కప్పేయకముందే చూడాలి

గత పాఠంలో పని అప్పగించే పద్ధతి చూశాం. "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా "అయింది సార్" అనే అంటారు కాబట్టి, ఆ ప్రశ్న మానేసి "ఒకటి చేసి చూపించు" అనడం అలవాటు చేసుకోమన్నాను. బెంగళూరు బిల్డింగ్ సైట్లలో ఇది మరీ అవసరం. ఒకే అంతస్తులో అనంతపురం మేస్త్రీ, రాయచూరు కూలీలు, బిహార్ నుంచి వచ్చిన ఇనుప పనివాళ్లు ఉంటారు. కడ్డీల చుట్టూ కట్టే ఇనుప రింగు ఒకటి వంచి చూపిస్తే అది ఏ భాష వాళ్లకైనా తెలిసిపోతుంది.

ఇవాళ్టి పాఠం పని అప్పగించాక జరిగే సంగతి గురించి. పని నడుస్తుంటే సూపర్‌వైజర్ ఎప్పుడు చూడాలి, దేన్ని చూడాలి, ఎవరితో చెప్పాలి?

డిప్లొమా అయిపోగానే వైట్‌ఫీల్డ్ వైపో సర్జాపూర్ రోడ్డు వైపో సైట్లో చేరిన మన పిల్లల్లో కొందరు పొద్దస్తమానం పనివాళ్ల వెనకాలే నిలబడతారు. కొందరు షెడ్డులో కూర్చుని సాయంత్రం ఒక చుట్టు చుట్టి వస్తారు. మొదటి వాళ్లు ఎంత కష్టపడ్డా, చూడాల్సినదాన్ని చూడకుండానే రోజు గడిచిపోవచ్చు. రెండో వాళ్లు వచ్చేసరికి పని కప్పేసి ఉంటుంది. ప్రతి పనిలోనూ ఒక ఘడియ ఉంటుంది, అది దాటితే ఆ పని మళ్లీ కంటికి కనబడదు. గోడలో పైపులకు ప్లాస్టరింగ్ ముందు, బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్‌కు పైన నింపే ముందు, స్లాబు ఇనుముకు కాంక్రీటు పోసే ముందు ఆ ఘడియ వస్తుంది. దానికి ముందే మీరు అక్కడ ఉండాలి. మిగతా టైంలో కాస్త దూరంగా ఉన్నా నష్టం లేదు, పనివాళ్లకు ఊపిరాడుతుంది కూడా.

"క్యూబ్ టెస్టు ఉంది కదా సార్, తేడా ఉంటే అందులో తెలుస్తుంది" అంటారు. తెలుస్తుంది, కాని ఎప్పుడు? అదే కాంక్రీటుతో 150 మిల్లీమీటర్ల దిమ్మెలు పోసి 7వ రోజున, 28వ రోజున పగలగొట్టి చూస్తారు. ఎం20 కాంక్రీటు అంటే 28వ రోజుకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం రావాలి. ఆ కాగితం మీ చేతికి వచ్చేసరికి పైన ఇంకో స్లాబుకు సెంట్రింగ్, అంటే కాంక్రీటును మోసే పలకలు, కొడుతుంటారు. పైగా ఇనుము ఎక్కడ కూర్చుందో ఏ క్యూబూ చెప్పదు. టెస్టు చేయించాల్సిందే, కాని దాన్ని నమ్ముకుని పోసేముందు చూడటం మానకూడదు.

స్లాబు పోసే రోజునే తీసుకుందాం, ఎందుకంటే పర్యవేక్షణ అంటే ఏమిటో ఆ ఒక్క రోజులో మొత్తం కనబడుతుంది. అన్నింటికంటే ముందు బాల్కనీ దగ్గరికి వెళ్లండి. గోడ దాటి బయటికి వచ్చే స్లాబులో బరువుకు సాగేది పై భాగం, అందుకే అక్కడ ప్రధాన కడ్డీలు పైన ఉంటాయి. వాటిని ఎత్తి పట్టేవి కింద పెట్టిన చైర్లు, అంటే కుర్చీలా వంచిన ఇనుప ముక్కలు. పొద్దున ఇనుప పనివాళ్లు సరిగ్గానే కట్టి వెళ్తారు. తర్వాత కరెంటు పైపులు వేసే కుర్రాళ్లు నడుస్తారు, కాంక్రీటు పైపు లాగేవాళ్లు నడుస్తారు, చైర్లు పక్కకు ఒరిగిపోతాయి, కడ్డీలు కిందికి దిగిపోతాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. 125 మిల్లీమీటర్ల స్లాబుకు డ్రాయింగ్‌లో కవర్ (కడ్డీ మీద ఉండాల్సిన కాంక్రీటు మందం) 20 అని ఉంటే, కడ్డీ పై అంచు సెంట్రింగ్ పలక నుంచి 105 మీద ఉండాలి. అది 70కి దిగిందంటే ఆ బాల్కనీ బలంలో సుమారు మూడో వంతు పోయినట్టే. పోసేశాక పైనుంచి చూస్తే రెండూ ఒకేలా నున్నగా కనబడతాయి.

అలా దిగిన కడ్డీ కనబడిందనుకోండి. "ఏంటిది, కళ్లు కనబడటం లేదా?" అని కూలీల ముందు అరిస్తే మేస్త్రీ మొహం మాడుతుంది, కడ్డీ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇలా అడిగి చూడండి:

"మేస్త్రీ గారూ, ఒకసారి ఇక్కడ టేపు పెట్టి చూస్తారా?"

"డెబ్బయ్యి చూపిస్తోంది సార్."

"డ్రాయింగ్‌లో ఎంత ఉంది?"

"నూట అయిదు... తొక్కేసినారు సార్. ఉండండి, చైర్లు మళ్లీ కట్టిస్తా."

కొలత ఆయన నోటి నుంచే వచ్చింది, సరిచేసే ఆర్డరూ ఆయనే ఇచ్చారు. ఆయన మీకంటే ఇరవై ఏళ్లు పెద్దవారై ఉండొచ్చు, అందుకే ఈ మర్యాద పనికి కూడా మంచిది. మీరు నేరుగా కూలీని పిలిచి చైరు కట్టించుకుంటే ఆ ఒక్క చైరు బాగుపడుతుంది. రేపటి నుంచి మాత్రం కూలీలు మేస్త్రీ మాట వినాలా మీ మాట వినాలా అని చూస్తుంటారు, మేస్త్రీ కూడా "సార్ చెప్పారు కదా" అని చేతులు దులుపుకుంటారు. కాబట్టి మాట మేస్త్రీ ద్వారానే పోవాలి. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ప్రాణాపాయం. అంచున బెల్టు లేకుండా నిలబడ్డవాడు కనబడితే వరసలు చూడకండి, ఎవరి మనిషైనా సరే కేకేసి దింపేయండి.

ఆ రోజే ఎదురయ్యే రెండో సంగతి నీళ్లు. ప్లాంటులో కలిపిన కాంక్రీటు తెచ్చే రెడీమిక్స్ బండి వస్తుంది, కాంక్రీటు కాస్త గట్టిగా ఉంటుంది, వెంటనే ఎవరో ఒకరు "డ్రైవరన్నా, కొంచెం నీళ్లు కొట్టు" అంటారు. అలా పోసిన నీళ్లు బలాన్ని తినేస్తాయని మనకు తెలుసు. కాని అడిగినవాడిని తిట్టి ఊరుకుంటే మీ పని సగంలో ఆగినట్టే. ఎందుకు అడిగాడు? గట్టి కాంక్రీటు లాగితే భుజాలు పడిపోతాయి. గుత్తకు ఒప్పుకున్న జట్టు కాబట్టి చీకటి పడేలోపు ముగించాలి. బండి ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చింది. కాబట్టి ముందురోజే ప్లాంటుతో మాట్లాడి, పంపుకు తగ్గ జారుడు మందు కలిపే తెచ్చేలా చూసుకోండి. బండి రాగానే చలానాలో కాంక్రీటు కలిపిన టైం చూడండి, మామూలుగా రెండు గంటల్లోపు దించేయాలి. స్లంప్, అంటే కాంక్రీటు ఎంత జారుగా ఉందో, కొలిచి చూశాకే పోయనివ్వండి. కూలీ నీళ్లు అడగాల్సిన అవసరమే రాకుండా చేశారంటే, అదే ఆ రోజు మీరు చేసిన అసలు పర్యవేక్షణ అంటాను.

ఇక ఎవరిని ఎంత చూడాలన్నది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీల్లోకి కొత్తవాళ్లు పెద్ద ఎత్తున వచ్చినప్పుడు, ఫోర్‌మన్ల కోసం 1940 నుంచి 1945 దాకా ఒక ప్రభుత్వ శిక్షణ నడిపారు. యుద్ధం తర్వాత అది జపాన్‌కు కూడా వెళ్లింది. అందులో పని నేర్పే నాలుగు మెట్లలో చివరిది ఇది: కొత్తవాడిని సొంతంగా చేయనివ్వు, సందేహం వస్తే ఎవరిని అడగాలో చెప్పు, మొదట్లో తరచుగా చూడు, పోనుపోను తగ్గించు. ఈ తగ్గించడం దగ్గరే చాలామంది తడబడతారు. పదేళ్లుగా మీతో ఉన్న మేస్త్రీని నిన్న వచ్చినవాడిలా గంటగంటకీ చూస్తే ఆయనకు అవమానం. కాని కప్పేయబోయే పని దగ్గర మాత్రం పాతవాళ్లనీ కొత్తవాళ్లనీ తేడా పెట్టకండి. అది మనిషి మీద అనుమానంతో చూసేది కాదని జట్టుకు మొదటి రోజే చెప్పేస్తే ఎవరూ నొచ్చుకోరు.

పోశాక మిగిలేది క్యూరింగ్, అంటే కాంక్రీటును తడిగా ఉంచడం, ఎవరూ చూడని టైంలో జరగాల్సిన పని. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) అయితే 10 రోజులు తడి ఆరకూడదు. పొద్దున పదింటికి వెళ్తే ఎప్పుడూ తడిగానే ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి గోనెపట్టా చేత్తో పట్టుకుని చూడండి, ఆదివారం నీళ్లు కొట్టేది ఎవరో పేరు శనివారమే అడగండి. నీళ్ల ఏర్పాటు మీదేనని మాత్రం మరవకండి. 2024 మార్చిలో ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటిని నిర్మాణాలకు వాడొద్దని, వాడితే 5,000 రూపాయల జరిమానా అని చెప్పింది. అలాంటి వారంలో ట్యాంకరు పురమాయించకుండా "క్యూరింగ్ ఎందుకు చేయలేదు?" అని కూలీని నిలదీసే హక్కు సూపర్‌వైజర్‌కు లేదు.

ఈ వారం అభ్యాసం. మీ సైట్లో ఇప్పుడు నడుస్తున్న పని ఒకటి ఎంచుకోండి. అది ఎక్కడెక్కడ కప్పబడిపోతుందో ఒక కాగితం మీద రాయండి. దాన్ని మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లి, "వీటిలో ఏ చోట నేను రాకముందు ముందుకు పోకూడదు అంటారు?" అని అడగండి. మీరు రాయనిది ఆయన ఒకటైనా చెప్తారు. దాన్నీ చేర్చి, టీ తాగే షెడ్డులో అందరికీ కనబడేలా అంటించండి. వచ్చే పాఠంలో, చేసిన పనిని విప్పించాల్సి వచ్చినప్పుడు ఎవరితో ఎలా మాట్లాడాలి, ఆ కూలి ఎవరి లెక్కలో రాయాలి అన్నది చూద్దాం.