తుఫాను వానలకు ముందే కొట్టమూ కూరమళ్లూ సర్దుకోవాలి

తిరుపతి, చిత్తూరు వైపు తోట పెట్టుకున్నవాళ్లకు అసలు గండం జూన్‌లో రాదు. నైరుతి వానలు విడతలు విడతలుగా పడి ఆరిపోతాయి, ముంచేసేవి మాత్రం అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వచ్చే ఈశాన్య వానలు, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు. 2021 నవంబర్ గుర్తుంది కదా, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మళ్లీ 2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుఫాను. అందుకే హస్త కార్తె దాటేలోగా, అంటే అక్టోబర్ రెండో వారంలోపు, తోటలో పనులు ముగించుకోవాలి. వాన పట్టుకున్నాక బురదలో చేయగలిగింది చాలా తక్కువ.

రసాయనాలు వేయకుండా నలుగురు కలిసి చేసుకునే తోటలో ఆవులు, మేకలు, కోళ్లు కూడా ఉంటే, వానాకాలం జాగ్రత్తలు అనగానే అందరూ ముందు మందుల గురించి, టీకాల గురించి అడుగుతారు. అవీ కావాలి, వాటి సంగతి కిందికి వస్తాను. కానీ అన్నింటికంటే ముందు చూడాల్సింది నీళ్లదారి. వాన నీళ్లు మీ తోటలో ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయి, మధ్యలో దేన్ని తాకి పోతున్నాయి అన్నది తేలితే సగం టెన్షన్ తగ్గుతుంది.

సెప్టెంబర్‌లో ఒక గట్టి వాన పడినప్పుడు గొడుగు పట్టుకుని కొట్టం దగ్గర నిలబడి చూడండి. ఆవుల కింద నుంచి గోధుమరంగు నీళ్లు సన్నగా బయల్దేరతాయి, పేడదిబ్బ అంచును కోసుకుంటూ గెనిమ (గట్టు) పక్కనే పారతాయి, మడవ (మడికి నీళ్లు వదిలే గండి) ఎక్కడ తెరిచి ఉంటే అక్కడ మళ్లోకి దూరతాయి. ఆ మడిలో కొత్తిమీర ఉందనుకోండి, పుదీనా ఉందనుకోండి, ఉడకబెట్టకుండా తినే ఆకు అది. కీరా, ముల్లంగి, టమోటా కూడా అంతే. పేడలో ఉండే ఈ.కోలై లాంటి క్రిములు వానచినుకు చిందినప్పుడు ఆకు వెనక్కి అంటుకుంటాయి, పైపైన కడిగితే పోవు. రసాయనాలు వేయలేదు కాబట్టి తోటలోనే కోసుకుని తినేయొచ్చని మన దగ్గరికి వచ్చే వాళ్లలో చాలామంది అనుకుంటారు, పిల్లలకు కూడా అలాగే పెడతారు. దయచేసి అలా చేయకండి, చేయనివ్వకండి. పురుగుమందు లేకపోవడం వేరు, విరేచనాలు పట్టించే క్రిమి లేకపోవడం వేరు.

కాబట్టి కొట్టానికి పల్లంవైపున ఒక కాలువ తవ్వండి, మూరెడు లోతు చాలు, దాన్ని కూరమళ్లకు దూరంగా తిప్పి అరటి గుంపుకో టెంకాయ చెట్ల పాదులకో వదలండి. దిబ్బ బోరుబావికి, కూరమళ్లకు ఎగువన ఉంటే ఇప్పుడే మార్చేయండి. ఎండ ఉన్నప్పుడు నలుగురు కలిస్తే ఒక పూట పని, నవంబర్‌లో అయితే అది ఎవరి వల్లా కాదు. దిబ్బను కనీసం రెండు మూడు సార్లు తిరగేయాలి, లోపల వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలబడితేనే రోగక్రిములు చస్తాయి. గునపం ఒకటి మధ్యలో గుచ్చి కాసేపాగి తీస్తే కొన పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. చల్లగా, తడిగా, పచ్చి పేడ వాసనతోనే ఉందంటే అది ఇంకా ఎరువు కాలేదు. పచ్చి పేడ వేసిన మడిలో మూడు నాలుగు నెలల దాకా పచ్చిగా తినే కూరలు వేయొద్దు, ఆకుకూర నెలలోపే కోతకు వస్తుంది కాబట్టి ఆకుకూర మడికి పచ్చి పేడ అసలు పనికిరాదు.

పేడ, మూత్రం పులియబెట్టి చేసుకునే ద్రవ ఎరువు జీవామృతం విషయంలోనూ ఇదే. 200 లీటర్ల డ్రమ్ముకు 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, ఈ లెక్క అందరికీ తెలిసిందే. వానాకాలంలో డ్రమ్ము రేకుల కిందికి జరపాలి, పైన గోనెపట్టా కట్టాలి, లేకపోతే వాననీళ్లు నిండి పలచబడిపోతుంది. ఆకుకూరలకు మొక్క మొదట్లో నేలకే పోయండి, ఆకుల మీద చల్లొద్దు, కోతకు వచ్చిన మడికి ఏ రకంగానూ వద్దు. ఘనజీవామృతం (దాని పొడి రూపం) చేసుకునేవాళ్లు సెప్టెంబర్ ఎండల్లోనే చేసి, నీడన ఆరబెట్టి, గోనెసంచుల్లో ఎత్తిపెట్టుకోవాలి. ముసురు పట్టాక చేస్తే ఆరదు, బూజు పడుతుంది.

ఇక మేత. ఇది మన జిల్లాల ప్రత్యేకమైన తలనొప్పి, ఎందుకంటే చెనిక్కాయలు (వేరుశనగ) పెరికే సమయమూ వాన పట్టుకునే సమయమూ ఒకటే. సగం ఆరిన చెనిక్కట్టె తెచ్చి వామి వేస్తే లోపల వేడెక్కి, చెమర్చి, బూజు పడుతుంది. పైనుంచి చూస్తే బంగారంలా ఉంటుంది. మోచేయి దాకా చెయ్యి లోపలికి పెట్టి ఒక పిడికెడు లాగండి. ఆకు నల్లబడి అంటుకుపోయి ఉందా, దులిపితే ఆకుపచ్చ బూడిద లేస్తోందా, ముక్కుకు ముక్కిపోయిన వాసన తగులుతోందా, ఈ మూడింటిలో ఏది ఉన్నా ఆ కట్టె పశువుకు వేయొద్దు. ఆ బూజు నుంచి వచ్చే విషం పేరు అఫ్లటాక్సిన్, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పాలిచ్చే ఆవు తింటే పాలల్లోకి కూడా దిగుతుంది, కాచినా పోదు. ఆవు తినదులే అని కోళ్లకు వేసేవాళ్లు ఉన్నారు, కోళ్లకు, బాతులకు అది ఇంకా ప్రమాదం. వేరుశనగ చెక్క కూడా ఈ మూడు నెలలు వారానికి సరిపడానే కొనండి, చవగ్గా వస్తుందని బస్తాలు దింపొద్దు. వామి కింద రాళ్లు పేర్చి పైన దుంగలు వేయండి, గోడకు ఆనించకండి. టార్పాలిన్ నేలదాకా దించి బిగించేస్తే లోపలి తేమ బయటికి పోదు, పైభాగం, వానజల్లు కొట్టే పక్క మాత్రమే కప్పి మిగతా పక్కలు గాలికి వదలండి.

మేత గురించే ఇంకో రెండు మాటలు. ఎండకు వాడి, వాన పడ్డాక మళ్లీ చిగురించిన లేత జొన్నలో నాము, అంటే సైనైడ్ విషం, ఉంటుంది. మోకాలెత్తు పిలకలు మేకకు చాలా ఇష్టం, కానీ తిన్న కాసేపటికే పడిపోయి చచ్చిపోవచ్చు. జొన్న పూతకొచ్చాకే కోసి వేయండి. అలాగే వాన వెలిసిన పొద్దున్నే, తడి కసువు మీదికి ఖాళీ కడుపుతో పశువును వదలొద్దు. ముందు ఎండుమేత కొంచెం వేసి, తడి ఆరాక వదలండి, లేకపోతే ఎడమ డొక్క డోలులా ఉబ్బుతుంది. ఉబ్బితే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి, పడుకుని ఉన్న పశువు నోట్లో గొట్టంతో నూనె పోయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి అసలు రోగం కంటే ముందే చంపుతుంది. గన్నేరు పశువుకు విషం, కంచె కత్తిరించిన ఆ కొమ్మల్ని కొట్టం దగ్గర పడేయకూడదని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాం గానీ, కొత్తగా చేరినవాళ్లకు తెలియదు, చెప్పండి.

టీకాలకు వస్తే, నట్టల మందు ముందు, ఒకటి రెండు వారాలాగి టీకా, ఈ వరుస మంచిది. మేకలకు, గొర్రెలకు చిటుకు వ్యాధికి, పీపీఆర్‌కు (మేకల ప్లేగు) వేశారో లేదో రిజిస్టర్‌లో చూసుకోండి. ఆవులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు మామూలుగా తొలకరికి ముందే వేస్తారు, అప్పుడు తప్పిపోయి ఉంటే పశువైద్యుడిని ఇప్పుడే అడగండి. గాలికుంటు టీకా ప్రభుత్వం ఊళ్లోనే ఉచితంగా వేస్తుంది, వచ్చిన రోజు తోటలో మనిషి ఉండాలి, అదొక్కటే మన బాధ్యత. గొర్రెల్లో నీలి నాలుక వ్యాధి ఈ వానలతోనే వస్తుంది, మూతి వాచడం, చొంగ కారడం, కుంటడం కనబడితే ఆ జీవాన్ని వెంటనే వేరు చేయాలి. దాన్ని మోసుకొచ్చే చిన్న ఈగలు తడి పేడలో, బురదలో పుడతాయి కాబట్టి మళ్లీ నీళ్లదారి దగ్గరికే వచ్చాం. సాయంత్రం వేపాకు పొగ వేయండి, కానీ కొట్టంలో గాలి ఆడేలా చూసుకుని. గిట్టలు రోజూ చూడండి, వేళ్ల మధ్య వాసన వస్తే కుళ్లు మొదలైనట్టే. మేకలకు కొయ్యపలకలతో ఎత్తుగా ఒక అటక వేస్తే ఈ బాధ చాలావరకు ఉండదు. చెరువంచు నత్తలున్న చోట మేపితే కార్జంలో జలగలు పడతాయి, ఆ మేత మానేయండి.

కోళ్లకు కొక్కెర తెగులు టీకా వేసి ఉందో లేదో చూసుకోవాలి, కొత్తకోళ్లను తెచ్చి అదే రోజు మందలో కలపకూడదు. గూట్లో పరిచిన ఊక చేత్తో పిసికితే ముద్ద కట్టకూడదు. ముద్ద కడితే తీసేసి కొత్తది వేయండి, తడి ఊకలో కోడిపిల్లలకు రక్తపారుడు వస్తుంది. కోళ్లను కూరమళ్లలోకి వదలడం నాకూ ఇష్టమే, పురుగుల్ని భలే ఏరుకుతింటాయి, అయితే కోత మొత్తం అయిపోయిన మడిలోకి మాత్రమే.

కూరల సంగతి త్వరగా చెప్పేస్తాను. మళ్లు జానెడు ఎత్తు చేయండి. టమోటాకు కర్ర కట్టి నేలను తాకే ఆకులన్నీ తుంచేయండి. మునగ కొమ్మలు కత్తిరించండి, గాలికి మొదట విరిగేది అదే. గెలవేసిన అరటికి సరుగుడు కర్రలతో ఊతం ఇవ్వండి. పుల్లటి మజ్జిగ పిచికారీ తెగులు రాకముందు నుంచే చేస్తుండాలి, ఆకు మాడిపోయాక పోస్తే లాభం లేదు. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే ముదిరిన గుమ్మడి, బూడిదగుమ్మడి కోసి పొడిచోట పెట్టేయండి, నెలలు నిలుస్తాయి.

మనుషుల మాట. గింజలకు, మేతకు ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, నాలుగూ మన ప్రాంతంలో ఉన్నాయి. వామిలో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి, చీకటి పడ్డాక టార్చి, బూట్లు లేకుండా అడుగు వేయొద్దు, కావలి పడుకునేవాళ్లు నేలమీద కాకుండా మంచం మీద దోమతెర బిగించి పడుకోవాలి. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడు బిగించడం, పసరు మందు, ఏదీ వద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, మనిషిని నడిపించకుండా 108కి ఫోన్ చేసి తిరుపతి రుయా ఆసుపత్రికో చిత్తూరు పెద్దాసుపత్రికో తీసుకెళ్లండి. పామును వెతుక్కుంటూ కూర్చోవద్దు, విరుగుడు మందు ఈ నాలుగింటికీ ఒకటే.

వాన తర్వాత పొదల్లో పనిచేసి వచ్చినవాళ్లకు మూడు రోజులైనా తగ్గని జ్వరం ఉంటే, చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉందేమో చూసుకోండి. అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. పొదల్లోని సన్నటి నల్లి పిల్లలు (మంచంలో ఉండే నల్లులు కావు) కుట్టడం వల్ల వస్తుంది, తొందరగా పట్టుకుంటే మామూలు మాత్రలతో తగ్గుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్టర్‌తో తోటపని చేస్తామని, పశువులున్నాయని తప్పకుండా చెప్పండి. కాళ్లమీద గాయముంటే ఎలుక మూత్రం కలిసిన బురదలో దిగొద్దు. మోటర్ స్టార్టర్‌ను తడిచేత్తో ముట్టుకోవద్దు, కరెంటు స్తంభం స్టే వైరుకు పశువును కట్టొద్దు. అడవి పందులకని కంచెకు కరెంటు పెట్టే ఆలోచన ఎవరైనా తెస్తే గట్టిగా అడ్డుపడండి, అది నేరం, చచ్చేది మనుషులు. శేషాచలం అడవి అంచున తోట ఉన్నవాళ్లు రాత్రిపూట మేకల్ని, కుక్కల్ని బయట కట్టేయకండి, చిరుతలు దిగుతాయి.

చివరిగా తుఫాను రోజు సంగతి. ఎవరు తోటలో ఉండాలి, తాళాలు ఎవరి దగ్గర, నాలుగు రోజుల ఎండుమేత ఎక్కడ, ఇవి గ్రూపులో వాదించుకోకుండా ముందే రాసి కొట్టం తలుపుకు అతికించండి. పశువుల సంచార వైద్యం నంబరు 1962 కూడా దాని మీదే పెద్దగా రాయండి. నీళ్లు కొట్టంలోకి వస్తున్నాయంటే అడగకుండానే పలుపులు విప్పేయొచ్చని అక్కడున్న మనిషికి ముందే చెప్పి ఉంచాలి, కట్టేసిన పశువే మునిగి చస్తుంది, వదిలేస్తే మెరక వెతుక్కుంటుంది. ప్రతి పశువుకూ చెవిపోగు మీద 12 అంకెల నంబరు కనబడేలా ఫోటో తీసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో పెట్టుకోండి, బీమాకైనా పరిహారానికైనా మొదట అడిగేది అదే. చెవిపోగు ఊడిపోయిన పశువు ఉంటే ఈ వారమే పశువుల ఆసుపత్రిలో చెప్పి వేయించండి.