సోయా పూత తేదీ కుదిరాకే దిగుబడి లెక్క

మా ఆదిలాబాద్ నల్లరేగడిలో సోయా ఎలా పెరుగుతుందో కంప్యూటర్‌లో ముందే అంచనా వేయడానికి నేను డీఎస్‌ఎస్‌ఏటీ వాడతాను. ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో సోయాకు పనికొచ్చే మోడల్ పేరు క్రాప్‌గ్రో. రన్ చేయడం నిమిషం పని, దానికి పెట్టే సమాచారం కూడగట్టడానికే సీజన్ పడుతుంది.

వాతావరణానికి రోజుకు నాలుగు అంకెలు కావాలి: గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, సూర్యరశ్మి, వాన. మొదటి మూడూ నాసా పవర్ సైట్‌లో మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే దొరుకుతాయి. వాన మాత్రం అక్కడిది వద్దు. ఊరికి ఇవతల దంచికొట్టి, అవతల చినుకు రాలని రోజులు మనకు తెలియనివి కావు. మా చేను గట్టు మీద ప్లాస్టిక్ వానమాపకం ఉంది. నాన్న రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి నోట్‌బుక్‌లో రాస్తారు. ఆ నీళ్లు ఎక్కువగా ముందు రోజు సాయంత్రం పడినవే కాబట్టి నేను ముందు రోజుకే ఎక్కిస్తాను. ఫైల్లో తేదీ బదులు ఏడాదిలో ఎన్నో రోజో రాయాలి. జూన్ 25 అంటే 2023లో 176, లీపు సంవత్సరమైన 2024లో 177.

నేల విషయంలో నేను దెబ్బతిన్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోతైన నల్లరేగడి ఫైలునే వాడేశాను. ఆగస్టులో పది రోజులు వాన తెరిపిస్తే మా చేలో నేల నెర్రెలు విచ్చింది, మధ్యాహ్నానికే ఆకులు వాలిపోయాయి. మోడల్‌లో మాత్రం పంటకు ఏ ఇబ్బందీ లేదు! పార పట్టుకుని గొయ్యి తవ్వితే 70 సెంటీమీటర్ల దగ్గర పార ఠంగుమంది. కింద అంతా మొరం. ఫైల్లోనేమో ఒకటిన్నర మీటర్ల మట్టి. లోతు సరిచేశాకే ఆ బెట్ట మోడల్‌లో కనిపించింది. అందుకే ముందు గొయ్యి తవ్వండి, పొరపొరకూ మట్టి తీసి ల్యాబ్‌కు పంపండి. ఇసుక, బంక, సేంద్రియ కర్బనం శాతాలు తెలిస్తే నీటిని పట్టుకునే శక్తిని సాఫ్ట్‌వేరే లెక్కగడుతుంది. లెక్కను మే మధ్యలో, ఎండిన నేలతో మొదలుపెట్టండి. జూన్ వానలతో తేమ దానంతటదే నిండుతుంది.

ఇక రకం. సోయా పగటి పొడవును బట్టి పూస్తుంది. పగలు సీఎస్‌డీఎల్ అనే హద్దు దాటితే పూత ఆలస్యమవుతుంది. సాఫ్ట్‌వేర్‌లోని రకాల ఫైల్లో అమెరికా సోయాలను పంటకాలాన్ని బట్టి గ్రూపులు చేశారు. వాటిలో మూడో గ్రూపుకు ఆ హద్దు 13.4 గంటలు, ఎనిమిదో గ్రూపుకు 12.07. ఆదిలాబాద్‌లో అతి పొడవైన పగలే సుమారు 13 గంటల 15 నిమిషాలు. అంటే మూడో గ్రూపును ఆపే పగలు మన దగ్గర ఒక్కటీ లేదు, మరీ తొందరగా పూసేస్తుంది. మేం వేసే జేఎస్ 335 అలా కాదు. చేలో 20 మొక్కలకు ఎర్రదారం కట్టి, రోజూ పొద్దున్నే ఆకుల మొదళ్లలో వెతకండి. వాటిలో పది మొక్కలకు పువ్వు కనిపించిన రోజే పూత తేదీ. దానికి దగ్గరగా వచ్చే గ్రూపుతో మొదలుపెట్టి, మోడల్ ఇంకా ముందే పూస్తుంటే సీఎస్‌డీఎల్‌ను కొద్దికొద్దిగా తగ్గించండి. పూత, ఆ తర్వాత కోత తేదీ కుదిరేదాకా రకం ఫైల్లో దిగుబడిని నిర్ణయించే అంకెలు ముట్టుకోవద్దు. తేదీలు తప్పుండగా దిగుబడిని బలవంతంగా సరిపెడితే మరుసటి ఏడాదే లెక్క తిరగబడుతుంది.

విత్తిన తేదీ, చదరపు మీటరుకు మొక్కలు (45×5 సెంటీమీటర్లకు 44), ఎరువులు ఇచ్చాక నత్రజని స్థిరీకరణ (సోయా వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టుకోవడం) ఆన్‌లో ఉందో లేదో చూడండి. వచ్చే దిగుబడి హెక్టారుకు కిలోల్లో, తేమ లేని గింజ బరువు. 2,000 వస్తే 12 శాతం తేమతో ఎకరానికి సుమారు 9.2 క్వింటాళ్లు.

సరిదిద్దడానికి వాడని ఒక ఏడాది లెక్కలు పక్కన ఉంచుకుని, వాటితో పరీక్షించండి. లద్దె పురుగు, పల్లాకు తెగులు ఈ లెక్కలో ఉండవు. చేలో అవి కనిపించిన ఏడాదిని పరీక్షకు వాడకండి.