చూడి గొర్రెకు మేత చాలుతోందా? మూత్రంతో ఇలా తెలుసుకోండి

మంచు కురిసే దేశాల్లో చలికాలం జింకలు ఎంత ఆకలితో ఉన్నాయో తెలియాలంటే, పరిశోధకులు మంచు మీద పడిన వాటి మూత్రాన్ని తెచ్చి పరీక్షిస్తారు. కండల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో వచ్చే క్రియాటినిన్‌తో పోల్చినప్పుడు, మాంసకృత్తులు విరిగితే పుట్టే యూరియా బాగా ఎక్కువగా కనిపిస్తే, ఒంట్లో కొవ్వు తరిగి కండ కరుగుతోందని అర్థం. జింకను పట్టుకునే పనే లేదు.

కనిగిరి, ఉదయగిరి మెట్టల్లో మంచూ లేదు, దగ్గర్లో ల్యాబూ లేదు. అయినా మన చూడి గొర్రెల విషయంలో మూత్రాన్ని చదవచ్చు. ఈనే ముందు ఆరు వారాల్లో కడుపులో పిల్ల వేగంగా పెరుగుతుంది. అప్పుడు బీడులో గడ్డి లేకపోతే తల్లి తన కొవ్వునే కరిగించుకుంటుంది. అలా కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లనే పదార్థాలు మూత్రంలోకి వస్తాయి. అవి మితిమీరితే గొర్రెకు జబ్బు చేస్తుంది. నెల్లూరు జాతిలో ఎక్కువగా ఈతకు ఒక పిల్లే పుడుతుంది. కవలలున్న తల్లికి ముప్పు మరీ ఎక్కువ. బాగా లావెక్కిన గొర్రెకూ ఈ జబ్బు వస్తుంది, కాబట్టి ఒళ్లు చూసి ధీమా పడొద్దు.

ముందుగా మందుల షాపులో మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పులు కొనండి. గడువు తేదీ చూడండి. తీసిన వెంటనే డబ్బా మూత బిగించండి, మన కోస్తా తేమకు అవి త్వరగా పాడవుతాయి.

పొద్దున్నే మేతకు తోలకముందు దొడ్డిలోకి వెళ్లి, పడుకున్న గొర్రెను నెమ్మదిగా లేపండి. లేవగానే చాలావరకు మూత్రం పోస్తాయి. శుభ్రమైన గిన్నెలో పట్టండి. మూత్రం కోసం ముక్కు మూసే పద్ధతి ఒకటుంది, నిండు చూడి గొర్రె మీద మాత్రం వద్దు.

తాజా మూత్రంలోనే స్ట్రిప్ ముంచి, డబ్బా మీద రాసినన్ని సెకన్లు ఆగి రంగు పోల్చండి. రంగు మారకపోతే కీటోన్ల బెడద లేదు. లేత గులాబీ అయితే సజ్జలు, మొక్కజొన్న వంటి దాణా కొద్దికొద్దిగా పెంచండి. ఒక్కసారిగా గింజలు పోస్తే కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికొస్తుంది. ముదురు ఊదా వచ్చినా, గొర్రె మందకు వెనకబడి మేత మానేసినా, పళ్లు కొరుకుతున్నా ఆలస్యం చేయకుండా పశువైద్యుడిని పిలవండి, లేదా పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

ఈ స్ట్రిప్ మాంసకృత్తుల లోటును చెప్పదు. అందుకే నడుము దగ్గర వెన్నెముకను వేళ్లతో తడిమి చూడండి. ఎముకలు పదునుగా తగిలితే ఒళ్లు తగ్గినట్టే. దాణా మార్చిన వారానికి అవే గొర్రెలకు మళ్లీ పరీక్ష చేయండి.