వాడిన పంప్ జాక్ కొనేటప్పుడు గేర్‌బాక్స్‌ను ఎలా పరీక్షించాలి?

అమెరికాలోని పశ్చిమ టెక్సాస్‌లో మిడ్‌లాండ్, ఒడెస్సా పరిసరాల యార్డుల్లో వాడిన పంప్ జాక్‌లకు, అంటే బావిలోంచి ముడిచమురును తోడే యంత్రాలకు, కొదవ లేదు. కొత్తగా పూసిన రంగు చూసి బేరం కుదుర్చుకునేవారికీ కొదవ లేదు.

ముందుగా నేమ్‌ప్లేటు చదవాలి. సి-228డి-213-86 అని ఉంటే, అది సంప్రదాయ నమూనా యూనిట్ అనీ, గేర్‌బాక్స్ 2,28,000 అంగుళ-పౌండ్ల టార్క్‌నూ (తిప్పే బలం), నిర్మాణం 21,300 పౌండ్ల భారాన్నీ తట్టుకుంటాయనీ, గరిష్ఠ స్ట్రోకు (ఒక్కసారికి పైకి లేచే దూరం) 86 అంగుళాలనీ అర్థం. మీ బావికి ఇవి చాలకపోతే ధర ఎంత తగ్గించినా కొనకూడదు. తరువాత బీమ్ (పైన ఊగే దూలం), దాన్ని గేర్‌బాక్స్ తిప్పే క్రాంకుకు కలిపే పిట్‌మన్ ఆర్మ్‌ల వెల్డింగుల్లో పగుళ్లున్నాయేమో, బేరింగులు వదులయ్యాయేమో చూడాలి. దీనికి అరగంట చాలు.

అసలు పని గేర్‌బాక్స్ దగ్గర మొదలవుతుంది. ఎద్దును కొనే రైతు పళ్లు చూసినట్టే ఇక్కడా పళ్లే చూడాలి, అయితే ఒకటి రెండు కాదు, అన్నీ చూడాలి. చివరి గేరు పైకి లేచి దిగే ప్రతి స్ట్రోకుకూ సరిగ్గా ఒక్క చుట్టు తిరుగుతుంది కనుక అత్యధిక భారం ఎప్పుడూ అవే కొన్ని పళ్ల మీద పడుతుంది. మూత తీయగానే ఎదురుగా కనిపించే పళ్లు నిగనిగలాడుతున్నా, దెబ్బతిన్నవి అడుగున నూనెలో మునిగి ఉండవచ్చు. అందుచేత గేరును పూర్తిగా ఒక చుట్టు తిప్పించి, టార్చిలైటు వేసి, ప్రతి పంటినీ రెండు వైపులా పరిశీలించాలి. గుంటలు పంటి ముఖంలో సగానికి పాకినా, అంచు కత్తిలా పదునెక్కినా, పంటి మొదలు దగ్గర వెంట్రుకంత పగులు కనిపించినా ఆ యూనిట్ వద్దు.

తిప్పేటప్పుడు ప్రాణాపాయం ఉంది. బావిలోకి దిగే రాడ్ల భారం లేని యూనిట్‌లో, ఆ భారానికి సమతూకంగా క్రాంకుకు బిగించిన కౌంటర్‌వెయిట్లు ఒక్కసారిగా కిందికి జారిపడతాయి. బ్రేకును నమ్ముకుని క్రాంకు పరిధిలోకి ఎవరూ వెళ్లకూడదు. ప్రతిసారీ క్రాంకును క్రేనుతో పట్టి, గొలుసులతో బిగించిన తరువాతే చేయి లోపల పెట్టాలి.

నూనె నమూనాను ల్యాబుకు పంపితే చాలునని కొందరంటారు. అమ్మకానికి ముందు మార్చిన నూనెలో ఏం తేలుతుంది? డ్రెయిన్ ప్లగ్ విప్పి అడుగు నూనెను నేరుగా చూడడమే మేలు: నీరు, ఇనుప రజను ఉంటే అక్కడే తెలుస్తాయి. పళ్లు అరిగితే వ్యతిరేక దిశలో నడుపుకోవచ్చని అమ్మకందారు చెప్పేది సంప్రదాయ నమూనాకే వర్తిస్తుంది, ఒకే దిశలో తిరిగేలా రూపొందిన మార్క్ టూ రకానికి వర్తించదు. పైగా మునుపటి యజమాని ఆ పని ఇప్పటికే చేసి ఉండవచ్చు.

చివరగా పిట్‌మన్ ఆర్మ్‌ను క్రాంకుకు కలిపే క్రాంక్ పిన్ రంధ్రాలను తుడిచి చూడాలి. అవి సాగి ఉంటే కొత్త పిన్ బిగించినా నిలవదు. కౌంటర్‌వెయిట్లు ఎన్ని, ఏ రకానివి అన్నది బిల్లులో రాయించుకోకుండా సొమ్ము చెల్లించకూడదు.