పాత ట్రాక్టర్‌లో పవర్ స్టీరింగ్ గట్టిపడితే లోపం పట్టుకుని బాగుచేయడం ఎలా?

స్టీరింగ్ బరువెక్కగానే చాలామంది ముందు పంపునే అనుమానిస్తారు. పంపు విప్పడం పెద్ద పని, కొత్తది ఖరీదైన సామాను. తీరా చూస్తే తప్పు తగ్గిపోయిన ఆయిల్‌లోనో, గాలి లాగే హోస్‌లోనో, గ్రీజు లేక పట్టేసిన కింగ్ పిన్‌లోనో (ముందు చక్రం పక్కకు తిరిగే నిలువు పిన్ను) ఉంటుంది. అందుకే పరీక్ష ముందు చక్రాల దగ్గర మొదలుపెట్టి, పంపు దగ్గరికి చివర్లో వెళ్లాలి.

మీ బండిలో ఏ రకం స్టీరింగ్ ఉందో ముందు తెలుసుకోండి. కొన్నిటిలో స్టీరింగ్ బాక్స్, లింకులు అలాగే ఉండి, సిలిండర్ వాటికి సాయం పడుతుంది. హైడ్రోస్టాటిక్ రకంలో స్టీరింగ్ కాలమ్ అడుగున ఆర్బిట్రాల్ యూనిట్ (స్టీరింగ్ తిప్పినంత ఆయిల్‌ను సిలిండర్‌కు పంపే వాల్వ్) ఉంటుంది. దాని నుంచి ముందు ఇరుసు మీది సిలిండర్‌కు హోసులే వెళ్తాయి, ఇనుప లింకు ఉండదు.

పని మొదలుపెట్టే ముందు

ట్రాక్టర్‌ను చదునైన నేల మీద ఆపి, పనిముట్టును కిందికి దించి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. ముందు ఇరుసును జాకీతో లేపాక స్టాండ్ లేదా గట్టి చెక్క దిమ్మలు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి. హోస్ విప్పేముందు ఇంజన్ ఆపి, స్టీరింగ్‌ను రెండు వైపులా నాలుగైదుసార్లు తిప్పితే లోపలి ప్రెషర్ దిగుతుంది. లీకును చేత్తో తడిమి వెతకొద్దు, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. సూది బెజ్జం నుంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మొదట ఇనుము, తర్వాత ఆయిల్

ముందు టైర్లలో గాలి చూడండి. తర్వాత ఇరుసు లేపి, సిలిండర్ రాడ్ చివరి పిన్ను తీసి, చక్రాలను చేత్తో అటూ ఇటూ తోయండి. లింకుల రకమైతే స్టీరింగ్ బాక్స్‌ను చక్రాలకు కలిపే డ్రాగ్ లింకు కూడా విప్పాలి. చక్రాలు తేలిగ్గా కదలకపోతే కింగ్ పిన్‌లు ఎండిపోయాయి లేదా వంగాయి. ఇరుసు గాల్లో ఉండగానే గ్రీజు పెట్టండి. బరువు మీద ఉన్నప్పుడు పెడితే నొక్కుకుపోయిన వాషర్ల మధ్యకు గ్రీజు చేరదు. ఎంత పెట్టినా గ్రీజు బయటికి రాకపోతే నిపుల్ మార్చి, పాత గట్టి గ్రీజు శుభ్రం చేయండి.

చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ప్లే (వదులు) కనిపించిందంటే అది బేరింగ్ లేదా కింగ్ పిన్ బుష్. పక్కలకు ఊపినప్పుడు కనిపిస్తే, రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ బాల్ జాయింట్. రోడ్డు మీద బండి అటూ ఇటూ లాగడం చాలావరకు ఈ అరుగుదల వల్లే. పంపు మార్చినా అది పోదు.

ఇనుము బాగుందంటే స్టీరింగ్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ పాలలా ఉంటే నీళ్లు కలిశాయి. నురగ ఉంటే గాలి కలుస్తోంది. నల్లబడి మాడు వాసన వస్తుంటే వేడెక్కి చెడిపోయింది. నీళ్లు కలిసినా, మాడినా మొత్తం దించేసి, ఫిల్టర్ మార్చి, జాలీ కడిగి, మాన్యువల్ చెప్పిన గ్రేడే నింపండి. చిక్కటి ఆయిల్ పోస్తే చలివేళ స్టీరింగ్ మొరాయిస్తుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం చుక్క కూడా వద్దు, రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. లిఫ్ట్‌కీ స్టీరింగ్‌కీ ఒకే ఆయిల్ ఉన్న బండ్లలో లిఫ్ట్ కూడా నెమ్మదించిందంటే ముందు ఫిల్టర్‌నే అనుమానించాలి.

పంపు అరుస్తుంటే

సన్నగా ఈల వేసినట్టు శబ్దం, నురగ రెండూ ఉంటే పంపు గాలి లాగుతోంది. ఇది కనిపెట్టడం కష్టం. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే సక్షన్ హోస్‌లో లీకుంటే ఆయిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి ఆ హోస్ జాయింట్లకు ఒక్కొక్కదానికీ గ్రీజు పూయండి. ఎక్కడ పూయగానే శబ్దం మారితే అక్కడే లోపం. హోస్ గట్టిబడితే క్లిప్ ఎంత బిగించినా నిలవదు, మార్చాలి. పాత హోస్ లోపలి పొర ఊడి దారి మూసేయడం కూడా మామూలే, బయటికి మాత్రం ఏమీ తెలియదు.

బెల్ట్‌తో నడిచే పంపయితే బెల్ట్ మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కండి. సుమారు 10–12 మి.మీ. దిగితే సరిపోతుంది. అంచులు నున్నబడి మెరుస్తుంటే బిగించినా జారుతుంది, కొత్తది వేయండి.

గేజ్ చెప్పే మాట

పంపుకూ స్టీరింగ్ యూనిట్‌కూ మధ్య ప్రెషర్ లైన్‌లో టీ జాయింట్ పెట్టి, 250 బార్ గేజ్ బిగించండి. ఆయిల్ వేడెక్కాక 1,200–1,500 ఆర్‌పీఎం దగ్గర స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి పట్టుకోండి. 5 సెకన్లకు మించొద్దు, ఆయిల్ ఇట్టే వేడెక్కుతుంది. వచ్చిన అంకెను మాన్యువల్‌తో పోల్చండి.

అంకె తక్కువైతే ముందు రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటకుండా ఆపే వాల్వ్) తీసి చూడండి. సీటు మీద చిన్న రజను ఇరుక్కున్నా, స్ప్రింగ్ విరిగినా ప్రెషర్ నిలవదు. వాల్వ్ బాగుండి, ఆయిల్ వేడెక్కేకొద్దీ అంకె పడిపోతుంటే అప్పుడు పంపు అరిగిందని నమ్మొచ్చు. ఆ వాల్వ్ స్ప్రింగ్‌కు వాషర్లు వేసి ప్రెషర్‌ను మాన్యువల్ అంకె దాటించడం చాలా తప్పు. హోసు పేలుతుంది, లేదా పంపు పగులుతుంది.

అంకె సరిగ్గానే ఉన్నా చక్రాలు చివరికి చేరాక స్టీరింగ్ ఇంకా తేలిగ్గా తిరుగుతుంటే సిలిండర్‌ను పరీక్షించాలి. రాడ్ పూర్తిగా బయటికి వచ్చేలా తిప్పి, ఇంజన్ ఆపి, రాడ్ వైపు హోస్ తీసి దానికి స్టీల్ ప్లగ్ బిగించండి. తెరిచిన పోర్టు కింద డబ్బా పెట్టి, దూరంగా నిలబడి, ఐడిల్‌లో అదే వైపు స్టీరింగ్ నొక్కించండి. నాలుగు చుక్కలు రాలి ఆగితే పర్వాలేదు. ధార ఆగకుండా వస్తే పిస్టన్ సీల్ పోయినట్టే.

సిలిండర్ సీళ్లు మార్చడం

1. హోసులకు గుర్తులు పెట్టి విప్పండి, నోళ్లు మూసేయండి.
2. బయటి మట్టి కడిగాకే గ్లాండ్ (రాడ్ బయటికొచ్చే వైపు మూత) నట్టు లేదా స్నాప్ రింగ్ తీసి రాడ్ లాగండి.
3. రాడ్ మీద గోరు తట్టుకునేంత గీత, తుప్పు గుంట ఉంటే రాడ్ కూడా మార్చాలి. లేకపోతే కొత్త సీల్ కొద్దిరోజుల్లోనే చిరుగుతుంది.
4. కొత్త సీళ్లను ఆయిల్‌లో తడిపి ఎక్కించండి. సీల్ పెదవి ప్రెషర్ వచ్చే వైపుకీ, దుమ్ము ఆపే వైపర్ పెదవి బయటికీ ఉండాలి.
5. రాడ్ మర మీద టేపు చుట్టి గ్లాండ్ తొడగండి, మర అంచు సీల్‌ను కోయదు. తొడిగాక టేపు తీసేయాలి.

హోస్ జాయింట్లకు టెఫ్లాన్ టేపు వాడొద్దు. దాని ముక్కలు ఊడి వాల్వుల్లో ఇరుక్కుంటాయి.

ఆర్బిట్రాల్‌ను మాత్రం మాన్యువల్ లేకుండా విప్పకండి. రోటర్‌ను ఒక్క పల్లు తప్పు పెట్టినా ఇంజన్ స్టార్ట్ చేయగానే స్టీరింగ్ దానంతటదే గిర్రున తిరుగుతుంది, చేతులకు ప్రమాదం. లోపలి స్పూల్, స్లీవ్ జతగా తయారైనవి, ఒక్కదాన్నే మార్చకూడదు.

గాలి తీయడం

ట్యాంకు నింపి, ముందు ఇరుసు గాల్లో ఉంచి, ఇంజన్ ఆపే ఉంచి స్టీరింగ్‌ను రెండు వైపులా నెమ్మదిగా పదిసార్లయినా తిప్పండి. తగ్గిన ఆయిల్ పోసి, ఇంజన్ ఐడిల్‌లో మళ్లీ తిప్పండి. చివర్లో గట్టిగా పట్టొద్దు. నురగ కనిపిస్తే ఇంజన్ ఆపి, అది అణిగేదాకా ఆగి మళ్లీ చేయాలి. చక్రాలను చివరిదాకా తిప్పినప్పుడు కొత్త హోసులు టైరుకు గానీ ఇరుసుకు గానీ రాసుకోకుండా చూడండి. గంట పని చేశాక ఆయిల్ లెవెల్, జాయింట్ల బిగువు ఇంకోసారి సరిచూసుకోండి.