పాత సైకిలు కడ్డీ బ్రేకులు: భాగాలు వెదకడం, బాగుచేయడం

పాత సైకిలును ఇంట్లోనే తిరిగి నిలబెట్టుకోవాలనుకునేవారు సాధారణంగా ఫ్రేముకు రంగు వేయించి, చక్రాలు బిగించి, చిట్టచివరికి బ్రేకుల సంగతి చూస్తారు. ఈ వరుసను తిరగేయాలని నా అభిప్రాయం. తీగకు బదులు ఇనుప కడ్డీలు లాగే ఈ కడ్డీ బ్రేకుల్లో ఏ భాగం సరిపోతుందో నిర్ణయించేది రిమ్ము కాబట్టి, ముందు రిమ్మును చూసుకుని ఆ తరువాతే బజారుకు వెళ్లాలి.

మద్రాసులో ఈ రకం బళ్లకు కొదవ లేదు. అంబత్తూరులో కర్మాగారం పెట్టిన టీఐ సైకిల్స్ 1949లో ఏర్పడింది. హెర్క్యులెస్, బీఎస్ఏ, ఫిలిప్స్ పేర్లతో ఆ సంస్థ చేసిన నల్లని బళ్లు పాత ఇళ్ల మేడమెట్ల కింద ఇప్పటికీ కనిపిస్తూంటాయి. వీటి బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కలను పట్టుకోవు. చువ్వలు దిగే వైపున, అంటే రిమ్ము లోపలి ముఖాన్ని, హబ్బు వైపునుంచి ఒత్తుతాయి. అందుకోసం ఆ ముఖం మీద రెండు పక్కలా చదునైన పట్టీలున్న వెస్ట్‌వుడ్ రిమ్ము కావాలి. టైరు మీద 28 × 1½ అని ఉంటే టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఎవరైనా మధ్యలో మామూలు రిమ్ము ఎక్కించి ఉంటే, కడ్డీలు ఎంత మంచివైనా రబ్బరుకు ఆనుకునే చోటు దొరకదు. అప్పుడు రిమ్మునైనా మార్చాలి, తీగ బ్రేకులకైనా మారాలి.

పుదుపేట ప్రధానంగా మోటారు బళ్ల విడిభాగాల బజారు. అక్కడ స్ప్రింగులు, వాషర్లు, ఇత్తడి బుష్షుల కోసం వెదకవచ్చు గాని, కడ్డీల కోసం ఎండలో తిరగడం దండగ. నా అనుభవంలో పేటల్లోని పాత సైకిలు రిపేరు కొట్లు, ఇక్కడ కాయలాన్ కడై అని పిలిచే పాత ఇనుప సామాన్ల కొట్లు ఎక్కువ అక్కరకు వచ్చాయి. అక్కడ కడ్డీ ఒకటి, లివరు ఒకటి విడివిడిగా ఏరుకోకుండా, పాడైన బండి ఒకటి చూసి దాని బ్రేకు సెట్టంతా ఒకేసారి అడగండి. కడ్డీల పొడవు ఫ్రేము ఎత్తును బట్టి మారుతుంది. ఒక బండి మీద కలిసి అరిగిన భాగాలు ఒకదానికొకటి అలవాటుపడి ఉంటాయి. రబ్బర్లు మాత్రం పాతవి వద్దు. ఆ రకం బళ్లు ఇంకా తయారవుతున్నాయి కనుక కొత్తవి చవకగానే దొరుకుతాయి.

ఇంటికి తెచ్చాక భాగాలను ఒక రాత్రి కిరోసిన్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో తోమండి. క్రోమియం పూత మీది తుప్పుకు ఎమరీ కాగితం వాడితే పూత కూడా పోతుంది. వంటింటి అల్యూమినియం రేకును నలిపి, నీటిలో తడిపి రుద్దితే తుప్పు గోధుమరంగు బురదలా ఊడి వస్తుంది. తరువాత కడ్డీని వంటగది గట్టు మీద, గ్రానైట్ బండ అయితే మరీ మంచిది, అరచేత్తో మెల్లగా దొర్లించండి. తిన్నగా ఉన్న కడ్డీ ఒకే చప్పుడుతో సాగిపోతుంది; వంగినది ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమని లేస్తుంది, ఆ క్షణంలో దాని కింద వెలుతురు సన్నని గీతలా కనిపిస్తుంది. ఆ వంపును చెక్కల మధ్య పెట్టి, వేడిచేయకుండా, కొద్దికొద్దిగా సరిచేయాలి. పగులు కనిపించిన భాగాన్ని మాత్రం వెల్డింగుతో కాపాడబోకండి.

బోల్టు మర విషయంలో నేనే ఒకసారి దెబ్బతిన్నాను. పాత ఇంగ్లీషు కొలతల్లో పావు అంగుళం బోల్టుకు అంగుళానికి 26 మరలు ఉంటాయి. కొట్లో ఇచ్చిన 6 మిల్లీమీటర్ల బోల్టు మర దూరం దాదాపు అంతే కాబట్టి అది వేళ్లతోనే హాయిగా దిగిపోయింది. పానాతో బిగించగానే మర తెగింది, కడ్డీ చేతికొచ్చింది. అంత సులువుగా దిగే బోల్టును అనుమానించాలి. సరైనది దొరక్కపోతే అంబత్తూరు పారిశ్రామిక వాడలో చిన్న లేత్ వర్క్‌షాపులకు పాత బోల్టునే నమూనాగా ఇచ్చి చేయించుకోవచ్చు.

బిగించేటప్పుడు రబ్బరును పట్టి ఉంచే తొడుగు మూసిన కొన చక్రం తిరిగే దిశ వైపు ఉండాలి. తిప్పి పెడితే బ్రేకు వేసినప్పుడు రబ్బరు జారి బయటికొస్తుంది. రబ్బరుకూ రిమ్ముకూ మధ్య దాదాపు 3 మిల్లీమీటర్లు, అంటే ఒక రూపాయి బిళ్లలు రెండింటి మందం, వదలండి. చక్రం పక్కకు కొద్దిగా ఊగినా ఈ బ్రేకు సహిస్తుంది, పైకీ కిందికీ ఎగిరితే మాత్రం సహించదు కనుక, చువ్వలు ముందే సరిచేయించాలి. గొలుసు బిగించడానికి వెనక చక్రాన్ని వెనక్కి లాగినప్పుడల్లా రిమ్ము రబ్బర్ల వైపు జరిగి ఆ సందు తగ్గుతుంది; ఆ రోజే వెనక కడ్డీని కూడా సర్దుకోవాలి.

తడిసిన క్రోమియం రిమ్ము మీద రబ్బరు పట్టు బాగా పడిపోతుంది. అందువల్ల ముందు పొడి నేల మీద, నడక వేగంలో, రెండు బ్రేకులూ విడివిడిగా పరీక్షించి, ఆ తరువాత రిమ్ముల మీద చెంబుడు నీళ్లు పోసి ఖాళీ వీధిలో మళ్లీ పరీక్షించండి. ఎంత దూరంలో ఆగిందో సుద్దముక్కతో గీత గీసి, నవంబరు వానల్లో కనీసం అంత దూరం ముందుగానే లివరు పట్టండి.