పాత క్రాసోవర్ (వేర్వేరు సిరీస్‌ల పాత్రలు తలపడే) ఫైటింగ్ గేమ్ ఏ కన్సోల్‌లో ఆడాలి?
ముందు రోస్టర్ (ఫైటర్ల జాబితా) కాదు, కన్సోల్ ర్యామ్ (మెమరీ) చూడండి. 1996 ఆర్కేడ్ గేమ్ ఎక్స్-మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్‌నే తీసుకుంటే, ప్లేస్టేషన్‌లో మెమరీ చాలక మ్యాచ్ మధ్యలో ఫైటర్‌ని మార్చే ట్యాగ్ ఎగిరిపోయింది, క్రాసోవర్ మోడ్‌లో ఉంది గానీ అక్కడ మీ పార్ట్‌నర్‌గా ఎదుటివాళ్ల ఫైటరే వస్తాడు, ఇదేం జోడీ అండీ!

అందుకే 1997 నాటి జపాన్ సాటర్న్ (సెగా కన్సోల్) డిస్కే వెతకండి. డిస్క్, కన్సోల్ రీజియన్ కుదరాలి, పైన స్లాట్‌లో 4 ఎంబీ ర్యామ్ కార్ట్రిడ్జ్ ఉండాలి, 1 ఎంబీది పనికిరాదు. కార్ట్రిడ్జ్‌ని గుర్తించకపోతే పవర్ తీసేసి, కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ పెట్టండి.

ఈ తలనొప్పి వద్దు, ఫైటర్లు ఎక్కువ మంది కావాలంటారా? సెగా వాళ్ల తర్వాతి కన్సోల్ డ్రీమ్‌కాస్ట్‌లో మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 ఆడండి. 56 మంది ఉన్నారు, కాకపోతే సగానికి పైగా అన్‌లాక్ చేసుకోవాల్సిందే.